ఓకే నొక్కితేనే ఓకే: ఎక్సెల్ మాక్రో ఫారాల్లో క్యాన్సిల్ సంగతి

డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ‘ఫాల్స్’ అనే పేరుతో ఎక్సెల్ ఫైలు కనబడితే వైరస్ అనుకుని భయపడనక్కర్లేదు. ఎవరో మాక్రో (ఎక్సెల్ పనుల్ని మన బదులు చేసే చిన్న ప్రోగ్రాం) నడిపారు, ఫైలు పేరు అడిగే డబ్బా (డైలాగ్ బాక్స్) తెరుచుకుంది, మనసు మార్చుకుని క్యాన్సిల్ నొక్కారు. మాక్రో రాసినవాళ్ళకు ఆ బటన్ ఉన్న సంగతే గుర్తు లేదు.

జరిగేది ఇదీ. గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్ అనే పద్ధతి ఫైలు పేరు ఎంచుకుంటే పాత్‌ను, అంటే ఫైలు ఉండే చోటును పేరుతో సహా, అక్షరాల రూపంలో ఇస్తుంది, క్యాన్సిల్ చేస్తే ఫాల్స్ అనే బూలియన్ (అవును, కాదు రకం) విలువ ఇస్తుంది. రెండూ వేర్వేరు రకాలు. జవాబును స్ట్రింగ్ వేరియబుల్లో, అంటే అక్షరాలు మాత్రమే పట్టే చోట, పట్టుకుంటే ఆ బూలియన్ కాస్తా ఐదక్షరాల ఇంగ్లీషు మాటగా మారిపోతుంది. తర్వాతి లైన్లో ఉన్న సేవ్‌యాజ్‌కు అది మామూలు ఫైలు పేరే కాబట్టి మారు మాట్లాడకుండా సేవ్ చేసేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు.

డైలాగ్ ఫారాల్లో క్యాన్సిల్ తప్పులన్నీ దాదాపు ఇలాగే చప్పుడు చెయ్యకుండా జరుగుతాయి. ఓకే అనడానికి దారి ఒకటే. కాదనడానికి మాత్రం క్యాన్సిల్ బటన్, ఎస్కేప్, మూలనున్న ఇంటూ గుర్తు, ఆల్ట్ ఎఫ్4 ఇలా చాలా ఉన్నాయి. ప్రతి దారికీ ఓ కాపలా పెట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకటి మరిచిపోతాం. దానికంటే ఓకే దారికి మాత్రమే ముద్ర వేసి, ముద్ర లేకుండా వచ్చిందంతా రద్దు కింద లెక్కగట్టడం తేలిక. కింద చెప్పేదంతా ఈ పద్ధతి చుట్టూనే తిరుగుతుంది.

ఒక మాట: కోడ్ పేర్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్లో కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి. ఉదాహరణకు మిర్చి కమీషన్ కొట్టులో వాడే చిన్న ఎంట్రీ ఫారం తీసుకుందాం. రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకం, క్వింటా ధర, ఇచ్చిన అడ్వాన్సు. ఓకే నొక్కితే ‘చిట్టా’ షీట్లో ఒక వరస చేరాలి. క్యాన్సిల్ అంటే షీట్లో ఒక్క సెల్ కూడా కదలకూడదు.

ఇన్‌పుట్‌బాక్స్‌లు రెండు, తీరులూ రెండు

యూజర్‌ను ఒక జవాబు అడిగే డబ్బాలు ఒకే పేరుతో రెండున్నాయి. ఒకటి ఎక్సెల్ మాక్రోలు రాసే విబిఏ భాషది, ఊరికే ఇన్‌పుట్‌బాక్స్ అని రాసేది. రెండోది ఎక్సెల్‌ది, ముందు అప్లికేషన్ అని పెట్టి చుక్క పెట్టి రాసేది. చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి గానీ క్యాన్సిల్ దగ్గర వేటి దారి వాటిదే.

విబిఏ ఇన్‌పుట్‌బాక్స్ క్యాన్సిల్ చేస్తే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. ఏమీ కొట్టకుండా ఓకే నొక్కినా ఖాళీ స్ట్రింగే. ఖాళీ జవాబుకు అర్థం లేని చోట, అంటే రైతు పేరు లాంటి చోట, ఇది పెద్ద ఇబ్బంది కాదు. పొడవు సున్నా అయితే బయటికి వచ్చేయొచ్చు. ‘రిమార్కులు’ లాంటి గడి దగ్గరే చిక్కు. అక్కడ ఖాళీగా వదిలెయ్యడమూ ఒక జవాబే. రెండింటికీ తేడా తెలియాలంటే ఎస్‌టిఆర్‌పిటిఆర్ అనే ఫంక్షన్ ఉంది. స్ట్రింగ్, పాయింటర్ అన్న రెండు మాటల కుదింపు అది. క్యాన్సిల్ అయితే స్ట్రింగ్‌కు మెమరీలో చోటే ఉండదు కాబట్టి 0 వస్తుంది. ఖాళీగా ఓకే అంటే ఏదో ఒక నంబరు వస్తుంది. జవాబును స్ట్రింగ్‌గా డిక్లేర్ చేసిన వేరియబుల్లోనే పట్టుకోవాలి, ఏ రకం విలువనైనా పట్టే వేరియంట్‌లో కాదు. చిట్కా బాగానే పని చేస్తుంది, కానీ కోడ్ చదివే రెండో మనిషికి అర్థం కాదు. పక్కన ఒక కామెంట్ రాసిపెట్టండి.

అప్లికేషన్.ఇన్‌పుట్‌బాక్స్ క్యాన్సిల్‌కు ఫాల్స్ ఇస్తుంది. దీనికి టైప్ అని ఒక ఆర్గ్యుమెంట్ ఉంటుంది. 1 అంటే అంకె, 2 అంటే అక్షరాలు, 4 అంటే ట్రూ లేదా ఫాల్స్, 8 అంటే షీట్ మీద ఎంచుకున్న రేంజ్. అంకె కావాలన్నప్పుడు అక్షరాలు కొడితే ఎక్సెలే అడ్డుకుని మళ్ళీ అడుగుతుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా విబిఏ దానికంటే దీన్ని వాడటం మేలు.

అయితే ఇక్కడో గుంట ఉంది. ‘అడ్వాన్సు ఎంత ఇచ్చారు?’ అని టైప్ 1తో అడిగారనుకోండి. రైతు అడ్వాన్సు తీసుకోలేదు, గుమస్తా 0 కొట్టి ఓకే అన్నాడు. మాక్రోలో ‘జవాబు ఫాల్స్‌కు సమానమైతే బయటికి వచ్చెయ్’ అని ఉంది. విబిఏ లెక్కలో 0, ఫాల్స్ సమానమే. కాబట్టి అడ్వాన్సు లేని ప్రతి రైతు ఎంట్రీ క్యాన్సిల్ కింద పోతుంది. గుమస్తా మాత్రం తాను ఓకేనే నొక్కానంటాడు. అతను చెప్పేది నిజమే.

దీన్ని తప్పించుకుందామని జవాబును లాంగ్ (పూర్ణాంకాలు పట్టే) వేరియబుల్లో పెడితే కథ తిరగబడుతుంది. క్యాన్సిల్ చేసినప్పుడు వచ్చిన ఫాల్స్ చప్పుడు చెయ్యకుండా 0 అయిపోయి, అడ్వాన్సు సున్నాగా చిట్టాలోకి ఎక్కుతుంది. మొదటి తప్పులో ఉండాల్సిన ఎంట్రీ పోయింది. ఇందులో ఉండకూడనిది చేరింది.

సరైన పద్ధతి విలువను కాకుండా రకాన్ని చూడటం. జవాబును వేరియంట్‌లో పట్టుకుని, వార్‌టైప్ ఫంక్షన్‌తో అది విబిబూలియన్ అవునా అని అడగాలి. ఆ స్థిరాంకం విలువ 11. సున్నా కొట్టి ఓకే అంటే వచ్చేది డబుల్ రకం, అంటే 5. క్యాన్సిల్ అంటే 11. ఇంక తికమకకు చోటు లేదు. టైప్ 4కు మాత్రం ఈ మందు పని చెయ్యదు. అక్కడ ఫాల్స్ అని జవాబిచ్చినా, క్యాన్సిల్ చేసినా ఒకే బూలియన్ వస్తుంది. అవునా కాదా అని అడగాలంటే మెసేజ్‌బాక్స్ వాడండి, టైప్ 4 జోలికి పోకండి.

టైప్ 8 సంగతి వేరు. దాని జవాబు ఆబ్జెక్ట్ కాబట్టి ముందు సెట్ అని రాస్తాం. క్యాన్సిల్ చేస్తే వచ్చేది ఆబ్జెక్ట్ కాదు, బూలియన్. వెంటనే 424, అంటే ‘ఆబ్జెక్ట్ రిక్వైర్డ్’ ఎర్రర్. దీనికి అందరూ చేసేదే చెయ్యాలి. ఆ ఒక్క లైనుకు ముందు ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’, ఆ వెంటనే ‘ఆన్ ఎర్రర్ గోటు 0’, తర్వాత రేంజ్ వేరియబుల్ ‘నథింగ్’ అయితే క్యాన్సిల్ అయినట్టు. రెండో లైను మరిచిపోతే ఆ ప్రొసీజర్‌లో మిగతా ఎర్రర్లన్నీ కప్పబడిపోతాయి. ఇదే పని లూప్‌లో చేస్తుంటే, అడిగే ముందు ప్రతిసారీ రేంజ్ వేరియబుల్‌ను నథింగ్ చెయ్యాలి. లేకపోతే రెండోసారి క్యాన్సిల్ చేసినప్పుడు మొదటిసారి ఎంచుకున్న రేంజే అందులో కూర్చుని ఉంటుంది, మాక్రో దాని మీదే మళ్ళీ పని చేసేస్తుంది.

ఫైలు డబ్బాలు, మెసేజ్ డబ్బాలు

గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్‌దీ మొదట చెప్పుకున్న సేవ్ డబ్బా తీరే. దానికి తోడు మల్టీసెలెక్ట్ ట్రూ చేస్తే, ఒక్క ఫైలే ఎంచుకున్నా అరే (విలువల వరస) వస్తుంది. క్యాన్సిల్‌కు మళ్ళీ ఫాల్సే. అరేను ఫాల్స్‌తో పోలిస్తే 13, టైప్ మిస్‌మ్యాచ్. విచిత్రం ఏంటంటే క్యాన్సిల్ చేసినప్పుడు అంతా బాగుంటుంది, బుద్ధిగా ఫైలు ఎంచుకున్నప్పుడే ఎర్రర్ వస్తుంది. ఈజ్‌అరే అని అడిగితే చాలు: అరే అయితే ఫైళ్ళున్నాయి, కాకపోతే రద్దు.

అప్లికేషన్.ఫైల్‌డైలాగ్ కాస్త పద్ధతైనది. షో అన్నప్పుడు యాక్షన్ బటన్ నొక్కితే -1, క్యాన్సిల్ చేస్తే 0 ఇస్తుంది. ఎంచుకున్న ఫైళ్ళు వేరే కలెక్షన్లో, 1 నుంచి మొదలై ఉంటాయి. ‘నొక్కారా లేదా’, ‘ఏం ఎంచుకున్నారు’ అన్న రెండు ప్రశ్నలకు రెండు వేరువేరు జవాబులు. కొత్తగా రాసే కోడ్‌కు ఇదే వాడమంటాను.

మెసేజ్‌బాక్స్‌లో ఓకే 1, క్యాన్సిల్ 2, యెస్ 6, నో 7. గుర్తుపెట్టుకోవాల్సింది అంకెలు కాదు, ఇంటూ గుర్తు ఏం చేస్తుందన్నది. క్యాన్సిల్ బటన్ ఉన్న డబ్బాలో ఇంటూ నొక్కినా, ఎస్కేప్ కొట్టినా 2 వస్తుంది. ఓకే ఒక్కటే ఉంటే ఇంటూ నొక్కినా 1 వస్తుంది. యెస్, నో మాత్రమే ఉంటే ఇంటూ గుర్తు మసకబారి పని చెయ్యదు, ఎస్కేప్ కూడా అంతే. ఆ డబ్బా లోంచి జవాబు చెప్పకుండా బయటపడే దారే లేదు. ‘ఈ వరస చెరిపెయ్యనా?’ లాంటి ప్రశ్నకు అది సరిపోతుంది. అలాంటి చోట డిఫాల్ట్‌బటన్2 పెట్టి, అలవాటుగా ఎంటర్ కొట్టినవాళ్ళను నో వైపు పంపండి.

యూజర్‌ఫారం

అసలు పని ఇక్కడుంది. రెడీమేడ్ డబ్బాల్లో క్యాన్సిల్ జవాబును ఎక్సెల్ ఏదో రూపంలో మన చేతికిస్తుంది. సొంత ఫారంలో ఆ జవాబు మనమే తయారుచేసుకోవాలి. చెయ్యకపోతే ఎవరూ చెయ్యరు.

ముందు ఎక్కువగా కనబడే తప్పు చూద్దాం. క్యాన్సిల్ బటన్ క్లిక్‌లో ‘అన్‌లోడ్ మీ’ అని ఒక్క లైను. ఇక్కడ ‘మీ’ ఇంగ్లీషు మాట, ‘ఈ ఫారం’ అని; అన్‌లోడ్ అంటే దాన్ని మెమరీలోంచి తీసెయ్యడం. ఫారంను పిలిచే కోడ్ ఉన్న మాడ్యూల్లో ఫారం పేరు చుక్క షో, దాని కింద ఫారం గడుల్లోని విలువలను షీట్లో రాసే నాలుగు లైన్లు. అన్‌లోడ్ అయిపోయాక ఫారం లేదు కదా, ఆ నాలుగు లైన్లు ఎర్రర్ ఇవ్వాలి కదా అనుకుంటాం. ఇవ్వవు. ఫారం పేరును నేరుగా వాడినప్పుడు, మెమరీలో ఆ ఫారం లేకపోతే విబిఏ అక్కడికక్కడే కొత్తది పుట్టిస్తుంది. ఫారం పుట్టగానే నడిచే ఇనిషియలైజ్ ఈవెంట్ మళ్ళీ నడుస్తుంది, గడులన్నీ మొదటి విలువలతో వస్తాయి. చిట్టాలో ఖాళీ పేరుతో ఒక వరస చేరుతుంది. తేదీ గడిని ఇనిషియలైజ్‌లో నింపేలా రాసుంటే, ఇవాళ్టి తేదీ ఉన్న ఖాళీ వరస. చిట్టాల్లో అక్కడక్కడా తేదీ మాత్రమే ఉన్న వరసలు కనబడితే, నూటికి తొంభై పాళ్ళు అవి క్యాన్సిల్ చేసిన ఎంట్రీలే.

కాబట్టి ఫారం తనను తాను దాచుకోవాలి, చంపుకోకూడదు. ‘మీ.హైడ్’ అంటే ఫారం తెర మీంచి పోతుంది, గడుల్లో విలువలు మెమరీలో ఉంటాయి, షో తర్వాతి లైన్లకు పని అందుతుంది. చదవాల్సింది చదివాక, పిలిచిన మాడ్యూలే అన్‌లోడ్ చేస్తుంది.

ఫారం కోడ్‌లో పైన ఒక వేరియబుల్ పెట్టండి:

పబ్లిక్ కన్ఫర్మ్‌డ్ యాజ్ బూలియన్

‘క్యాన్సిల్డ్’ అని కాకుండా ‘కన్ఫర్మ్‌డ్’ అని పెట్టడంలోనే కిటుకంతా ఉంది. బూలియన్ పుట్టడమే ఫాల్స్‌గా పుడుతుంది. ‘క్యాన్సిల్డ్’ అని పెట్టుకుంటే రద్దయ్యే ప్రతి దారిలోనూ దాన్ని ట్రూ చెయ్యాలి, ఒక్క దారి మరిచిపోయినా రద్దు చేసిన ఎంట్రీ షీట్లో పడుతుంది. ‘కన్ఫర్మ్‌డ్’ అయితే ఓకే బటన్లో ఒక్కచోట ట్రూ చేస్తే చాలు. మరిచిపోతే ఓకే పని చెయ్యదు, ఆ తప్పు మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. నిష్ఠగా రాసేవాళ్ళు దీన్ని ప్రైవేట్ వేరియబుల్‌గా పెట్టి ప్రాపర్టీ గెట్ ద్వారా బయటికి చూపిస్తారు. బయటి కోడ్ దాన్ని మార్చలేదు కాబట్టి అది ఇంకా మంచిది.

ఓకే బటన్ క్లిక్‌లో ముందు తనిఖీలు. పేరు ఖాళీగా ఉందా, టిక్కీలు అంకెలేనా, ధర సున్నా కంటే ఎక్కువా. ఏదైనా తప్పైతే మెసేజ్ చూపించి, ఆ గడికి సెట్‌ఫోకస్ ఇచ్చి, ఎగ్జిట్ సబ్. అన్నీ సరిగ్గా ఉంటేనే కన్ఫర్మ్‌డ్ ట్రూ, ఆపైన మీ.హైడ్. క్యాన్సిల్ క్లిక్‌లో ఉండేది మీ.హైడ్ ఒక్కటే.

ఇక ఇంటూ గుర్తు. దాన్ని నొక్కితే ఫారం దాక్కోదు, అన్‌లోడ్ అవుతుంది. దాన్ని మధ్యలో పట్టుకునేది క్వెరీక్లోజ్ ఈవెంట్:

ప్రైవేట్ సబ్ యూజర్‌ఫారం_క్వెరీక్లోజ్(క్యాన్సిల్ యాజ్ ఇంటీజర్, క్లోజ్‌మోడ్ యాజ్ ఇంటీజర్)
ఇఫ్ క్లోజ్‌మోడ్ = విబిఫారంకంట్రోల్‌మెనూ దెన్
క్యాన్సిల్ = ట్రూ
మీ.హైడ్
ఎండ్ ఇఫ్
ఎండ్ సబ్

ఇక్కడ ‘క్యాన్సిల్’ అన్న పేరు కొత్తవాళ్ళను తిప్పలు పెడుతుంది. అది ఎంట్రీని రద్దు చెయ్యడం కాదు, మూసుకోవడాన్ని రద్దు చెయ్యడం. ట్రూ అంటే ‘మూయొద్దు’. మనం మూతను ఆపి, దాని బదులు దాచుతున్నాం. వర్క్‌బుక్ బిఫోర్‌క్లోజ్‌లోనూ, టెక్స్ట్‌బాక్స్ ఎగ్జిట్ ఈవెంట్‌లోనూ ఇదే పేరు ఇదే అర్థంలో వస్తుంది.

క్లోజ్‌మోడ్ తనిఖీ లేకుండా ఉత్తినే క్యాన్సిల్ ట్రూ అని రాసేవాళ్ళు ఉన్నారు. ఆ మోడ్‌లు నాలుగు: 0 ఇంటూ గుర్తు, 1 కోడ్‌లోంచి వచ్చిన అన్‌లోడ్, 2 విండోస్ సెషన్ ముగింపు, 3 టాస్క్ మేనేజర్. అన్నింటినీ ఆపేస్తే మీ మాడ్యూల్ చెప్పిన అన్‌లోడ్ కూడా ఆగిపోతుంది, పైగా కంప్యూటర్ ఆపబోయినవాళ్ళకు ఎక్సెల్ అడ్డం పడుతుంది. ఆపాల్సింది 0 ఒక్కదాన్నే. ఆల్ట్ ఎఫ్4 కూడా 0 కిందికే వస్తుంది.

పిలిచే మాడ్యూల్లో ఇలా:

డిమ్ ఎఫ్ యాజ్ ఫారంచిట్టా
సెట్ ఎఫ్ = న్యూ ఫారంచిట్టా
ఎఫ్.షో
ఇఫ్ ఎఫ్.కన్ఫర్మ్‌డ్ దెన్ చిట్టాలోరాయి ఎఫ్
అన్‌లోడ్ ఎఫ్

న్యూ అన్నది అలంకారం కాదు. అది లేకుండా ఫారం పేరునే నేరుగా వాడి, అన్‌లోడ్ కూడా మరిచిపోయారనుకోండి. పొద్దున గుమస్తా ఒక ఎంట్రీ వేసి ఓకే అన్నాడు. కన్ఫర్మ్‌డ్ ట్రూ అయింది, ఫారం దాక్కుంది, చావలేదు. మధ్యాహ్నం మళ్ళీ తెరిచాడు. పాత రైతు పేరే కనబడింది, ఇదేంటి అనుకుని క్యాన్సిల్ నొక్కాడు. కన్ఫర్మ్‌డ్ ఇంకా ట్రూగానే ఉంది. పొద్దున్నటి ఎంట్రీ రెండోసారి చిట్టాలోకి ఎక్కింది. ఇనిషియలైజ్ ఫారం లోడ్ అయినప్పుడు ఒక్కసారే నడుస్తుంది, ప్రతి షోకూ నడవదు. ప్రతిసారీ కొత్త ఫారం పుట్టిస్తే ఈ తలనొప్పే ఉండదు.

ఎస్కేప్ సంగతి చిన్నదే. యూజర్‌ఫారంలో ఎస్కేప్ తనంతట తాను ఏమీ చెయ్యదు. క్యాన్సిల్ బటన్ ప్రాపర్టీల్లో ‘క్యాన్సిల్’ అన్నది ట్రూ చేస్తే, ఎస్కేప్ కొట్టినప్పుడు ఆ బటన్ క్లిక్ నడుస్తుంది. ఓకే బటన్‌కు ‘డిఫాల్ట్’ ట్రూ చేస్తే ఎంటర్‌కు అదే లెక్క. ఒక ఫారంలో ఒక్క బటన్‌కే క్యాన్సిల్ ట్రూ ఉంటుంది.

క్యాన్సిల్ నొక్కనివ్వని ఫారం

గడి వదలగానే తనిఖీ చెయ్యాలన్న ఉత్సాహంతో టెక్స్ట్‌బాక్స్ ఎగ్జిట్ ఈవెంట్‌లో ‘అంకె కాకపోతే క్యాన్సిల్ ట్రూ’ అని రాస్తారు. గుమస్తా టిక్కీల గడిలో పొరపాటున అక్షరం కొట్టాడు, మొత్తం వదిలేద్దామని క్యాన్సిల్ మీద క్లిక్ చేశాడు. క్లిక్ జరగాలంటే ముందు ఫోకస్ ఆ గడిలోంచి బటన్ మీదికి రావాలి. రాబోతుంటే ఎగ్జిట్ ఈవెంట్ లేచి ‘అంకెలే కొట్టండి’ అని మెసేజ్ ఇచ్చి ఫోకస్‌ను అక్కడే కట్టేస్తుంది. క్యాన్సిల్ క్లిక్ నడవనే నడవదు.

క్యాన్సిల్ బటన్‌కు ‘టేక్‌ఫోకస్‌ఆన్‌క్లిక్’ అని ఒక ప్రాపర్టీ ఉంది. దాన్ని ఫాల్స్ చేస్తే నొక్కినా ఫోకస్ గడిలోనే ఉంటుంది, ఎగ్జిట్ లేవదు, క్లిక్ మాత్రం నడుస్తుంది. ఒక్క ప్రాపర్టీతో పోయే జబ్బు ఇది. అయినా నా మాట వింటే తనిఖీలన్నీ ఓకే బటన్లోనే పెట్టండి. గడి వదిలినప్పుడు కావాలంటే రంగు మార్చండి, దారి మాత్రం కట్టెయ్యకండి.

ఇంకో రహస్య శత్రువు కంట్రోల్‌సోర్స్. టెక్స్ట్‌బాక్స్‌ను నేరుగా ఒక సెల్‌కు కట్టే ప్రాపర్టీ ఇది. కోడ్ తగ్గుతుందని వాడతారు. కానీ గడి వదిలిన క్షణంలోనే విలువ సెల్‌లోకి వెళ్ళిపోతుంది. తర్వాత క్యాన్సిల్ నొక్కితే ఏం లాభం? కంట్రోల్ జడ్ కూడా ఆదుకోదు. మాక్రో కోడ్ షీట్‌ను మార్చాక ఎక్సెల్ అన్‌డూ జాబితా సాధారణంగా ఖాళీ అయిపోతుంది. అంటే మాక్రో విషయంలో క్యాన్సిల్ అంటే ‘చేసింది వెనక్కి తియ్యడం’ కాదు, ‘ఇంకా చెయ్యకుండా ఉండటం’. ఓకే దాటేదాకా షీట్‌ను ముట్టుకోకూడదు. డ్రాప్‌డౌన్ జాబితా నింపడానికి వాడే రోసోర్స్ చదవడానికే కాబట్టి దాంతో ఈ బెడద లేదు.

అడిగాకే మార్చాలి

మాక్రో మొదట్లోనే ఎనేబుల్‌ఈవెంట్స్ ఫాల్స్, క్యాలిక్యులేషన్ మాన్యువల్ చేసేసి (అంటే ఈవెంట్లనూ, వాటంతటవి జరిగే లెక్కలనూ ఆపేసి), ఆ తర్వాత ఫారం చూపించి, క్యాన్సిల్ అయితే ఎగ్జిట్ సబ్ అనడం చాలా కోడ్‌లలో ఉంటుంది. తెర మీద మార్పులు చూపించే స్క్రీన్‌అప్‌డేటింగ్‌ను ఆపినా, అది మాక్రో ముగియగానే తనంతట తాను మామూలుకొస్తుంది. ఈవెంట్స్, క్యాలిక్యులేషన్ రావు. ఆ పూట తెరిచి ఉన్న అన్ని వర్క్‌బుక్‌లలోనూ ఫార్ములాలు పాత విలువలే చూపిస్తాయి. మొత్తం కూడిక తప్పొచ్చిందని చిట్టాను తిట్టుకుంటారు గానీ, గంట క్రితం నొక్కిన క్యాన్సిల్ ఎవరికీ గుర్తుండదు.

ముందు అడగండి, ఓకే అన్నాక సెట్టింగులు మార్చండి. మధ్యలో కూడా అడగాల్సి వస్తే బయటికి పోయే దారులన్నింటినీ ఒకే లేబుల్ దగ్గరికి తెచ్చి, అక్కడ అన్నీ మామూలు చేసి బయటపడండి. ‘ఎండ్’ అనే ఒక్క పదంతో మాక్రోను ఆపెయ్యడం మాత్రం వద్దు. అది వేరియబుల్స్ అన్నింటినీ తుడిచేస్తుంది, క్వెరీక్లోజ్‌ను కూడా పిలవదు.

లూప్ నడుస్తుండగా క్యాన్సిల్

యాభై వేల వరసల మీద నడిచే మాక్రోకు ప్రోగ్రెస్ ఫారం, దాని మీద ఆపే బటన్ పెట్టాలంటే లెక్క మారుతుంది. లూప్ తిరుగుతున్నంతసేపూ విబిఏ క్లిక్‌లను పట్టించుకోదు. మధ్యమధ్య డూఈవెంట్స్ అని పిలిస్తేనే వరసలో ఆగిన క్లిక్ నడుస్తుంది. ప్రతి వరసకూ పిలిస్తే మాక్రో నత్తనడక నడుస్తుంది. వరస నంబరును 200తో భాగించి శేషం సున్నా అయినప్పుడు మాత్రమే పిలిస్తే చాలు.

ఫారంను మోడ్‌లెస్‌గా, అంటే వెనకున్న షీట్‌ను కూడా వాడుకోనిచ్చేలా, చూపిస్తే డూఈవెంట్స్ సందులో యూజర్ షీట్ మీద క్లిక్ చెయ్యొచ్చు, సెల్స్ మార్చొచ్చు, అదే మాక్రోను రెండోసారి మొదలెట్టనూ వచ్చు. ఫారంను మామూలు మోడల్ పద్ధతిలోనే చూపించి, లూప్‌ను ఆ ఫారం యాక్టివేట్ ఈవెంట్‌లోంచి మొదలెడితే షీట్ తాళం వేసినట్టుంటుంది, ఆపే బటన్ మాత్రం పని చేస్తుంది.

ఈ ఫారంలో ఆపే బటన్ గానీ ఇంటూ గుర్తు గానీ హైడ్ చెయ్యకూడదు, అన్‌లోడ్ అసలే చెయ్యకూడదు. ‘ఆపమన్నారు’ అన్న ఫ్లాగ్‌ను ట్రూ చేసి ఊరుకోవాలి. ఫారం పోయినంత మాత్రాన లూప్ ఆగదు. అది తిరుగుతూనే ఉండి, తర్వాతి చుట్టులో ఫారం పేరుతో లేబుల్ మార్చబోతే కనబడని ఇంకో ఫారం పుడుతుంది. లూపే ఫ్లాగ్‌ను చూసుకుని, బయటికొచ్చి, ఫారంను దాచాలి.

సగంలో ఆపితే సగం రాసిన షీట్ మిగలకుండా ఉండాలంటే ఫలితాలను అరేలో పోగేసి, లూప్ పూర్తయ్యాక ఒకే దెబ్బకు రేంజ్‌లోకి దించండి. ఆపితే ఏమీ పడదు. సెల్ తర్వాత సెల్ రాయడం కంటే ఇది ఎన్నో రెట్లు వేగం కూడా, కాబట్టి చాలాసార్లు ఆపే బటన్ అవసరమే రాదు.

ఫారం లేకుండా నడిచే మాక్రోను ఎస్కేప్ కొట్టి ఆపితే డీబగ్, ఎండ్ అని అడిగే డబ్బా వస్తుంది. అక్కడ ఎండ్ నొక్కితే సెట్టింగులు సగంలోనే ఉండిపోతాయి. అప్లికేషన్.ఎనేబుల్‌క్యాన్సిల్‌కీ విలువను ఎక్స్‌ఎల్‌ఎర్రర్‌హ్యాండ్లర్ చేస్తే ఎస్కేప్ 18వ నంబరు ఎర్రర్‌గా మన హ్యాండ్లర్‌కే వస్తుంది, అక్కడ శుభ్రం చేసుకోవచ్చు. ఎస్కేప్‌ను అసలు పని చెయ్యనివ్వని ఎక్స్‌ఎల్‌డిసేబుల్డ్ అని ఇంకొకటుంది. అంతులేని లూప్ పడితే ఎక్సెల్‌ను చంపడం తప్ప దారుండదు, దాని జోలికి పోకండి.

ఎక్సెల్ కాకపోతే

లిబ్రేఆఫీస్ బేసిక్‌లో డైలాగ్‌ను ఎగ్జిక్యూట్‌తో నడిపితే ఓకేకు 1, క్యాన్సిల్‌కూ ఇంటూ గుర్తుకూ 0 వస్తుంది. బటన్ల రకాన్ని ఓకే, క్యాన్సిల్ అని ప్రాపర్టీలో పెడితే కోడ్ కూడా రాయక్కర్లేదు. ఎక్సెల్ ఫారంలో మనం చేత్తో కట్టుకున్నదాన్ని వాళ్ళు ముందే కట్టిపెట్టారు. గూగుల్ షీట్స్‌లో ప్రాంప్ట్ జవాబులో ఏ బటన్ నొక్కారన్నది వేరుగా, ఏం కొట్టారన్నది వేరుగా వస్తాయి. ఇంటూ గుర్తుకు క్లోజ్, క్యాన్సిల్‌కు క్యాన్సిల్ అని రెండు జవాబులు. క్యాన్సిల్ అయితే ఆపెయ్ అని ఒక్కటే రాస్తే ఇంటూ నొక్కినవాళ్ళు ముందుకెళ్ళిపోతారు. ఇక్కడా ‘ఓకే అయితేనే చెయ్యి’ అని రాయడమే నయం. అక్కడి బ్రౌజర్.ఇన్‌పుట్‌బాక్స్ అయితే మరీ చిత్రం, రద్దు చేస్తే ‘క్యాన్సిల్’ అన్న ఇంగ్లీషు మాటనే చిన్నక్షరాల్లో జవాబుగా ఇస్తుంది.

ఇచ్చే ముందు

ఫారం ఎవరికైనా ఇచ్చే ముందు చిట్టాలో ఆఖరి వరస నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. గడులన్నీ నింపి క్యాన్సిల్ నొక్కండి, మళ్ళీ తెరిచి ఎస్కేప్, మళ్ళీ తెరిచి ఇంటూ గుర్తు, ఆ తర్వాత ఆల్ట్ ఎఫ్4. టిక్కీల గడిలో అక్షరం కొట్టి క్యాన్సిల్. అడ్వాన్సులో 0 కొట్టి ఓకే, వెంటనే తెరిచి క్యాన్సిల్. ఇన్ని చేశాక చిట్టాలో ఒక్క వరసే పెరిగి ఉండాలి. చివరగా విబిఏ ఎడిటర్లోని ఇమీడియట్ విండోలో ప్రశ్నార్థకం పెట్టి అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ట్రూ రావాలి. ఫాల్స్ వచ్చిందంటే మీ కోడ్‌లో ఎక్కడో ఒక ఎగ్జిట్ సబ్ దారి తప్పించుకుని పోతోంది.